చెన్నైలో తక్కువ అద్దె ఇంటి దరఖాస్తు ఆదాయం దగ్గర ఆగిపోతే

అంబత్తూరు, పాడి వైపు పనులు చేసుకునే మనవాళ్లకి దరఖాస్తులు నింపిపెడుతుంటాను. ఈ ఇళ్లు వచ్చే ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంలో కుటుంబ ఆదాయం ఏడాదికి 3 లక్షల లోపు ఉంటే ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గం), 3 నుంచి 6 లక్షల లోపు ఉంటే ఎల్ఐజీ (తక్కువ ఆదాయ వర్గం). ఆధార్, ఫొటోలు, ఈ-సేవై కేంద్రంలో (మన మీసేవ లాంటిది) దరఖాస్తు పెట్టడం మీకు తెలుసనుకునే మొదలుపెడుతున్నాను.

సమస్య: "రాసిన ఆదాయం, పెట్టిన కాగితం సరిపోలడం లేదు"

ముందు ఫారం తీసి ఆదాయం గడి ఇంకోసారి చదవండి. అక్కడ అడిగింది ఏడాది ఆదాయం, అదీ కుటుంబం మొత్తానిది. ఈ ఒక్క చూపు చూసుకోకుండా నెల జీతం రాసేసి మూడు నెలలు పోగొట్టుకున్నవాళ్లని ఎంతమందిని చూశానో! ఈ పథకంలో కుటుంబం అంటే భార్యాభర్తలు, పెళ్లికాని పిల్లలు. భార్య నాలుగిళ్లలో పనిచేసి నెలకి 6,000 తెస్తే ఆ 72,000 కూడా కలపాలి.

తర్వాత జీతం చీటీ. చేతికొచ్చేది 23,700 కాబట్టి 2,84,400 అని రాస్తారు. చీటీలో మొత్తం జీతం 25,500, పీఎఫ్ కింద 1,800 కోత ఉంటుంది. ఆఫీసువాళ్లు పై అంకెనే పట్టుకుని పన్నెండుతో గుణిస్తారు, 3,06,000 తేలుతుంది. 3 లక్షలు దాటిందని కంగారుపడి అంకె తగ్గించి రాయకండి. ఎల్ఐజీ కింద పెట్టండి, అద్దె ఇళ్లలో వాళ్లకీ చోటుంది.

సమస్య: ఇన్‌కమ్ సర్టిఫికెట్ చెల్లదన్నారు

తేదీ చూడండి. తమిళనాడులో వరుమాన సాన్రిదళ్, అంటే ఇన్‌కమ్ సర్టిఫికెట్, ఏడాదే పనిచేస్తుంది. పిల్లల స్కాలర్‌షిప్ కోసం ఎప్పుడో తీసింది పనికిరాదు. ఊళ్లో సచివాలయం ద్వారా తెచ్చిన పత్రం కూడా ఇక్కడ నడవదు. మీరు ఉంటున్న చోటి వీఏఓ (గ్రామ పాలనాధికారి), ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) విచారించాకే ఇక్కడి తహసీల్దారు ఆఫీసు పత్రం ఇస్తుంది. ఈ-సేవైలో ఆర్ఈవీ-103 అని, ఆ పత్రం నంబరు చెప్పి అడిగితే చాలు.

సమస్య: కూలి పని చేసేవాడికి "ఆదాయం పరిమితి దాటింది" అని వచ్చింది

నేను దెబ్బతిన్నది ఇక్కడే. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక తాపీమేస్త్రి దరఖాస్తు పంపాను. సర్టిఫికెట్ కొత్తది, ఆధార్ సరిగ్గా ఉంది. అయినా వెనక్కొచ్చింది. సర్టిఫికెట్‌లోనే ఏదో తప్పుందనుకుని మళ్లీ తీయించి పంపాను. మళ్లీ అదే జవాబు. "నాకంత డబ్బు ఎక్కడిదన్నా?" అని ఆయన నా ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అప్పుడు గానీ దరఖాస్తుతో పెట్టిన బ్యాంకు స్టేట్‌మెంట్ వరసవరసా చదవాలని నాకు తట్టలేదు.

ప్రతి శనివారం కాంట్రాక్టరు వేసిన 45,500 ఉంది. అది ఆయన ఒక్కడి కూలి కాదు, తనతో పనిచేసే ఎనిమిదిమందిది కూడా. అదే సాయంత్రం ఒక్కొక్కరికి ఐదేసి వేలు ఫోన్‌పేలో వెళ్లిపోయాయి. ఆయనకి మిగిలింది 5,500. ఏడాదంతా ఒక్క వారం కూడా పని ఆగలేదనుకున్నా 2,86,000. స్టేట్‌మెంట్‌లో జమ అయినవి మాత్రమే కూడుకుంటే 23 లక్షలు దాటుతుంది! ఆఫీసులో కూర్చున్న మనిషికి కనిపించేది ఆ జమే.

కాంట్రాక్టరు టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసి ఉంటే చిక్కు ఇంకా ముదురుతుంది. అలా కోసినప్పుడు జట్టుకి ఇచ్చిన మొత్తమంతా మేస్త్రి పాన్ మీద ఆదాయపు పన్ను శాఖ లెక్కలో చేరుతుంది. కోసిన డబ్బు వెనక్కి తెప్పిస్తానని ఎవరైనా రిటర్న్ వేసి ఉంటే అందులో ఆదాయం ఎంత చూపారో అడిగి తీసుకోండి. మీ ఫారంలో ఒక అంకె, అందులో ఇంకో అంకె ఉంటే మళ్లీ తిప్పి పంపుతారు.

దీనికి నేనిప్పుడు చేసేది ఇది. ఆరు నెలల స్టేట్‌మెంట్ ప్రింటు తీసి, గుంపు కూలి జమైన ప్రతి వరస పక్కన పెన్సిల్‌తో "జట్టు కూలి" అని రాస్తాను. దాని కింద అదే రోజు బయటికెళ్లిన ఎనిమిది వరసలకీ గీత గీసి, చివర మిగిలింది వేస్తాను. సైటు మస్టర్ కాపీ జత చేస్తాను. అందులో పేర్లూ హాజరూ ఉంటాయి కాబట్టి ఆ ఎనిమిదిమందీ ఎవరో తెలుస్తుంది. కాంట్రాక్టరు దగ్గర ఒక ఉత్తరం తీసుకుంటాను, "ఈ ఖాతాలో వేసేది తొమ్మిదిమంది కూలి, ఇందులో మేస్త్రి వంతు ఇంత" అని, సంతకంతో. ఉత్తరం ఒక్కటే పెడితే సరిపోలేదు, స్టేట్‌మెంట్ ఒక్కటే పెట్టినా సరిపోలేదు. మూడూ కలిపి పెట్టినప్పుడు ఆయన కాగితం కదిలింది.

ముందుముందు ఈ బాధ ఉండకూడదంటే ఎవరి కూలి వాళ్ల ఖాతాలోనే వేయమని కాంట్రాక్టరుని అడగండి. ఒప్పుకోకపోతే జట్టు డబ్బుకి వేరే ఖాతా తెరవండి. చీటీ పాట డబ్బు, రూమ్మేట్లు మీకు పంపే అద్దె వాటా, ఊళ్లో బంగారం కుదువపెట్టి తెచ్చిన అప్పు కూడా ఇలాగే ఆదాయంలా కనిపిస్తాయి. వాటి పక్కన కూడా అదేమిటో రాసి, ఉన్న రసీదు జత చేయండి.

ఇక మిగిలినవి అరుదు. ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, సర్టిఫికెట్‌లో తండ్రి పేరు మొదటి అక్షరం పడితే అభ్యంతరం పెడతారు. ఆధార్‌లో ఉన్నట్టే దిద్దించుకోండి. క్యాన్ నంబరుకి (ఈ-సేవైలో ఒక్కొక్కరికి ఇచ్చే గుర్తింపు నంబరు) పాత ఫోన్ నంబరు ఉంటే ఓటీపీ రాదు, ఈ-సేవైలో అడిగితే మారుస్తారు.

మళ్లీ పంపేటప్పుడు పాత తిరస్కరణ కాగితం కాపీ అన్నిటికంటే పైన పెట్టండి, దాని కిందే పెన్సిల్ గీతలున్న స్టేట్‌మెంట్.