మల్టీపాత్ సెట్టింగులు వెనక్కి మార్చే ముందు జాగ్రత్తలు

మల్టీపాత్ అంటే లినక్స్ సర్వర్ నుంచి ఒకే స్టోరేజ్ డిస్కుకు ఉన్న పలు దారులను ఒకే డిస్కుగా చూపే ఏర్పాటు. దాని పాత సెట్టింగులకు తిరిగి వెళ్లే పనిని కర్నూలు, కడప ఎండాకాలం మధ్యాహ్నాల్లో పెట్టుకోకండి. కరెంటు పోతే యూపీఎస్ ఎంతసేపు ఆగుతుందో ముందే చూసుకోండి.

క్లస్టర్‌లోని నోడ్లన్నీ (కలిసి పనిచేసే సర్వర్లు) ఒకేసారి మార్చకూడదు. ఒకదాన్ని స్టాండ్‌బైలో పెట్టి, రిసోర్సులు (అది నడిపే సేవలు) పక్క నోడ్‌కు చేరాయో లేదో చూడండి.

సెట్టింగుల ఫైలు మల్టీపాత్.కాన్ఫ్ ఒక్కటే కాదు, ఏ డిస్కుకు ఏ పేరో రాసి ఉండే బైండింగ్స్ ఫైలు కూడా కాపీ తీసుకోండి, ఇది ముఖ్యం. అది నోడ్లలో తేడాగా ఉంటే ఇక్కడ ఎంపాత్‌ఏ అనే పేరున్న డిస్కు అక్కడ వేరే డిస్కు అవుతుంది. పేరు నమ్మి ఫార్మాట్ చేస్తే డేటా గల్లంతే. డబ్ల్యూడబ్ల్యూఐడీలే (ఒక్కో డిస్కుకు ఉండే ప్రత్యేక గుర్తింపులు) పోల్చండి.

పాత ఫైలులో నో_పాత్_రీట్రై (దారులన్నీ తెగితే ఏం చేయాలో చెప్పే సెట్టింగు) విలువ 'క్యూ' ఉందా? ఉంటే దారులన్నీ తెగినా ఎర్రర్ రాదు, ఐఓ (డిస్కులో చదవడం, రాయడం) అలాగే వేలాడుతుంది.

డ్రాకట్ అనే టూల్‌తో ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో లోడయ్యే చిన్న ఫైల్ సిస్టమ్) మళ్లీ కట్టండి. లేకుంటే బూట్ మొదట్లో మీరు తీసేసిన సెట్టింగులే అమలవుతాయి.

రీబూట్ అయ్యాక 'మల్టీపాత్ -ఎల్ఎల్' కమాండ్ చూపే దారుల లెక్క మునుపటితో సరిపోయాకే రెండో నోడ్ ముట్టుకోండి.