హెడ్‌ఫోన్ అమ్మే ముందు ప్యాడ్లు చూశారా?

"ధ్వని ముందులా లేదు, విసుగొచ్చింది, అమ్మేస్తాను" అంటూ నా బల్ల మీదికి వచ్చే హెడ్‌ఫోన్లలో చాలా వాటికి డ్రైవర్, అంటే లోపల ధ్వని పుట్టించే భాగం, బాగానే ఉంటుంది, కేబుల్ బాగానే ఉంటుంది. చెవి చుట్టూ ఆనే మెత్తలు, అంటే ఇయర్ ప్యాడ్లు, పూర్తిగా అణిగిపోయి ఉంటాయి. ఈలోగా వాటి యజమాని కేబుల్ మార్చి ఉంటారు, శబ్దాన్ని పెంచే యాంప్ (యాంప్లిఫైయర్) మార్చి ఉంటారు, పాటల ఫైళ్లు కూడా మళ్లీ దించుకుని ఉంటారు. ప్యాడ్ల వైపు మాత్రం కన్నెత్తి చూసి ఉండరు.

అమ్మాలా, ఉంచుకోవాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ముందుగా తేల్చుకోవలసింది ఒకటే: మీకు నచ్చనిది ఆ హెడ్‌ఫోనా, దానికి వచ్చిన లోపమా? లోపం ఎక్కడుందో పట్టుకునే వరుస కింద రాస్తున్నాను. జాక్ తుడవడం, వేరే ఫోనుకు పెట్టి చూడడం, ఛార్జింగ్ సరిచూడడం మీరు ఇప్పటికే చేశారనుకుంటాను.

ఒక వైపు తక్కువగా వినిపిస్తోంది

హెడ్‌ఫోన్‌ను తిప్పి పెట్టుకోండి. ఎడమ కప్పు కుడి చెవికి, కుడి కప్పు ఎడమ చెవికి. తగ్గుదల కప్పుతో పాటు అవతలి చెవికి మారితే లోపం హెడ్‌ఫోన్‌లోనో, ఫోనులోనో ఉంది. అదే చెవిలో ఉండిపోతే లోపం మీ చెవిలో ఉంది. చాలాసార్లు గులిమి. దానికి పుల్లలు వాడకుండా చెవి డాక్టరు దగ్గరకు వెళ్లండి.

కప్పుతో పాటు మారితే ఫోను సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ఎడమ, కుడి బ్యాలెన్స్ గీత ఒకటి ఉంటుంది. అది మధ్యలో ఉందో లేదో చూడండి. ఎవరి వేలు ఎప్పుడు తగిలి జరిగిందో తెలియకుండా జరిగిపోయి ఉంటుంది. కేబుల్ ఊడదీసే రకమైతే మరో కేబుల్ పెట్టి చూడండి. చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్ అయితే మూతి దగ్గరి జాలీని వెలుతురులో పట్టుకుని చూడండి, మూసుకుపోయి ఉంటుంది. గుండ్రటి బిరడాతో తిప్పే యాంప్ వాడుతూ, వాల్యూమ్ బాగా తగ్గించినప్పుడే ఒక వైపు తగ్గుతోందంటే అది ఆ వాల్యూమ్ బిరడా లక్షణం. కంప్యూటర్‌లో వాల్యూమ్ తగ్గించి, బిరడాను పైకి తిప్పి వాడండి. హెడ్‌ఫోన్ తప్పేమీ లేదు.

వాయిద్యాలు ఉన్నాయి, గొంతు లేదు

పాట ఎక్కడో దూరం నుంచి, బావిలోంచి వస్తున్నట్లుంది, గాయకుడి గొంతు మాత్రం దాదాపు మాయం. హెడ్‌ఫోన్ పోయిందని కంగారు పడకండి. ప్లగ్ పూర్తిగా దిగలేదు, లేదా రెండు వైపులకూ ఉమ్మడిగా ఉండే గ్రౌండ్ తీగ తెగింది. గ్రౌండ్ లేనప్పుడు రెండు డ్రైవర్లు ఒకదాని వెంట ఒకటిగా కలిసి, ఎడమ కుడి సంకేతాల మధ్య తేడాను మాత్రమే పలికిస్తాయి. రెండు వైపులా సమానంగా ఉండే గాత్రం అందులో రద్దయిపోతుంది. ఫోను కవరు మందంగా ఉంటే ప్లగ్ చివరిదాకా దిగదు. ముందు కవరు తీసి చూడండి, ఆ తర్వాతే ప్లగ్ కోసి అతకడం గురించి ఆలోచించండి.

కొన్ని స్వరాల దగ్గర మాత్రమే గరగర

వెంట్రుక. ప్యాడ్ తీసి, డ్రైవర్ ముందున్న పలుచటి స్పాంజి బిళ్ల జాగ్రత్తగా ఎత్తి, కప్పును బోర్లించి మెల్లగా తట్టండి. డ్రైవర్ పొర మీద వేలు గానీ, దూది గానీ పెట్టకండి. నోటితో ఊదకండి, తడి వెళ్తుంది.

బ్లూటూత్‌లో పాట పాత టెలిఫోనులా ఉంది

ఏదో ఒక యాప్ మైకును తెరిచి ఉంచింది. మైకు వాడుకలో ఉండగా చాలా బ్లూటూత్ హెడ్‌ఫోన్లు కాల్ పద్ధతిలోకి మారిపోతాయి, నాణ్యత పడిపోతుంది. మీటింగ్ యాప్ మూసేయండి. కంప్యూటర్‌లో మైకుగా హెడ్‌ఫోన్‌ను కాక కంప్యూటర్‌దే ఎంచుకోండి.

ధ్వని పలచబడింది, గుచ్చుతోంది, అరగంటకే తీసేయాలనిపిస్తోంది

మనుషులు హెడ్‌ఫోన్లు అమ్ముకునేది దాదాపు ఎప్పుడూ దీనివల్లే. ఇది పైవాటిలా ఒక రోజున కనిపించే లోపం కాదు. అందుకే దొరకదు.

చెవిని పూర్తిగా కప్పే, కప్పు వెనక మూసి ఉండే క్లోజ్డ్ హెడ్‌ఫోన్‌లో డ్రైవర్‌కూ మీ చెవికీ మధ్య ఒక చిన్న మూసిన గది ఉంటుంది. ఆ గది గోడలే ప్యాడ్లు. కింది స్వరాలు మీకు వినిపించాలంటే డ్రైవర్ ఆ గదిలోని గాలిని నొక్కాలి, వదలాలి. గోడలో సందు ఉంటే పంక్చరైన ట్యూబుకు గాలి కొట్టినట్లే. డ్రైవర్ తన పని తాను చేస్తూనే ఉంటుంది, ఒత్తిడి మాత్రం బయటకు పోతుంది. పై స్వరాలకు ఈ బాధ అంతగా లేదు. అవి సందు ఉన్నా లేకపోయినా నేరుగా చెవికి చేరతాయి. కాబట్టి సందు ఏర్పడగానే తగ్గేది బేస్, అంటే ఆ కింది స్వరాలు, ఒక్కటే. మృదంగం ఎడమ మూత గుంకారం పోయి కుడి మూత టకటక మిగులుతుంది. తంబురా ఉందా లేదా అని అనుమానం వస్తుంది. గాత్రంలో సకారాలు పైకి తేలతాయి.

అప్పుడు మీరేం చేస్తారు? వాల్యూమ్ పెంచుతారు. బేస్ కొంచెం తిరిగి వస్తుంది, దానితో పాటు అప్పటికే ఎక్కువగా ఉన్న పై స్వరాలు మరింత పెరుగుతాయి. చెవులు అలసిపోతాయి. "ఈ హెడ్‌ఫోన్ మరీ వాడిగా ఉంది, నా అభిరుచి మారింది" అని తీర్మానం. మారింది అభిరుచి కాదు, ప్యాడ్‌లోని స్పాంజి.

ఈ మార్పు ఏడాది, రెండేళ్ల మీద ఇంతింతగా జరుగుతుంది. రోజూ వినే చెవి దానికి అలవాటు పడుతూ పోతుంది కాబట్టి "నిన్నటికన్నా ఇవాళ తగ్గింది" అనే క్షణం ఎప్పటికీ రాదు. ఒకరోజు షోరూములో కొత్తది పెట్టుకుని వింటారు. దాని ప్యాడ్లు కొత్తవి, మీవి అరిగినవి. పోలిక రెండు హెడ్‌ఫోన్ల మధ్య అనుకుంటారు, నిజానికి అది రెండు జతల ప్యాడ్ల మధ్య. మీ పాతది సగం ధరకు కొన్నవారు కొత్త ప్యాడ్లు వేసి హాయిగా వింటూ ఉంటారు. ఇలా చేతులు మారిన వాటిని చాలా చూశాను. అమ్మినవారికి తర్వాత ఆ సంగతి చెప్పడం అంత తేలిక కాదు.

మన వాతావరణం దీన్ని ఇంకా తొందర చేస్తుంది. తోలులా కనిపించే చాలా ప్యాడ్ల పైపొర పాలీయురెథేన్. గాలిలోని తేమ దాన్ని నెమ్మదిగా విడగొడుతుంది. విశాఖ, కాకినాడ, చెన్నై వంటి తీరం ఊళ్లలో పెట్టెలో దాచిపెట్టినా సరే, పొర నల్లని రేకులుగా ఊడి చెవులకు అంటుకుంటుంది. దానికి చెమట, తలనూనె తోడవుతాయి. కొబ్బరినూనె రాసుకున్న తలతో రోజూ వాడే మఖ్మల్ ప్యాడ్ నూనె పీల్చి, గట్టిపడి, పొంగడం మానేస్తుంది.

పరీక్షకు ఖర్చేమీ లేదు. బేస్ బాగా ఉన్న, మీకు కంఠతా వచ్చిన పాట ఒకటి పెట్టండి. రెండు అరచేతులతో కప్పులను తల వైపు మెల్లగా నొక్కండి. బేస్ ఒక్కసారిగా లేచిందంటే సందు ఉంది, చర్చ అక్కడితో ముగిసింది. కళ్లజోడు పెట్టుకునేవారు అది తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి వినండి. కళ్లజోడు కాడ చెవి వెనక చేసే సందు చిన్నదే, నష్టం చిన్నది కాదు. కొత్తగా మెత్తగా ఉన్నప్పుడు ప్యాడ్ ఆ కాడ చుట్టూ సర్దుకునేది, గట్టిపడ్డాక సర్దుకోదు. తర్వాత హెడ్‌ఫోన్ పెట్టుకుని, కప్పు లోపల మీ చెవి డ్రైవర్ ముందరి గుడ్డకు తగులుతోందేమో గమనించండి. తగిలితే ప్యాడ్ ఎత్తు పోయింది.

సెన్‌హైజర్ హెచ్‌డీ 600, హెచ్‌డీ 650 వంటి, కప్పు వెనక తెరిచి ఉండే ఓపెన్ హెడ్‌ఫోన్లు వాడేవారు "మాది ఎలాగూ తెరిచిందే కదా, మాకు సందు గొడవ లేదు" అంటారు. సందు ఒక్కటే కాదు, దూరం కూడా ఉంది. ప్యాడ్ అణిగితే చెవి డ్రైవర్‌కు దగ్గరవుతుంది. ఆ హెడ్‌ఫోన్‌ను తయారు చేసినవారు లెక్క వేసుకున్న దూరం అది కాదు. వాయిద్యాల మధ్య ఎడం కుంచించుకుపోతుంది, స్వరాల సమతూకం మారుతుంది. ఏ వైపుకు మారుతుందనేది మోడల్‌ను బట్టి, తలను బట్టి ఉంటుంది. హెచ్‌డీ 600 వచ్చింది 1997లో. అప్పటి జతలు ఇవాళ్టికీ చక్కగా పలుకుతున్నాయంటే, ప్యాడ్ల నుంచి కేబుల్ దాకా విడదీసి మార్చుకునేలా చేశారు కాబట్టే.

మరమ్మతు: ప్యాడ్లు మార్చండి. అయితే తయారీదారు అమ్మే అసలు ప్యాడ్లే కొనండి. ఇక్కడ రెండో ఉచ్చు ఉంది. "అన్ని మోడళ్లకూ సరిపోతాయి" అని అమ్మే మందపాటి మెత్తలు చెవికి సుఖంగానే ఉంటాయి. కానీ మందం మారితే దూరం మారుతుంది, లోపలి రంధ్రం మారితే పై స్వరాలు మారతాయి, మఖ్మల్ బదులు తోలు వేస్తే బేస్ మారుతుంది. అంటే మీరు కొత్త హెడ్‌ఫోన్ తయారు చేసుకున్నారన్నమాట, అదీ ఎవరూ కొలిచి చూడనిది. బేయర్‌డైనమిక్ డీటీ 770 కొన్నవారు దాని మఖ్మల్ ప్యాడ్లు తీసేసి తోలువి వేసుకుని, బేస్ బురదగా ఉందని మళ్లీ నా దగ్గరకు తెస్తుంటారు. అసలువి తిరిగి వేయడమే వైద్యం.

మార్చేటప్పుడు పాత ప్యాడ్ కింద ఉన్న పలుచటి స్పాంజి బిళ్లను చెత్త అనుకుని పారేయకండి. అది పై స్వరాలను అదుపు చేసే భాగం. పొడి పొడిగా రాలిపోతుంటే అలాంటిదే కొత్తది వేయండి, ఖాళీగా మాత్రం వదలకండి. కొత్త ప్యాడ్లు కుదురుకోవడానికి వారం పది రోజులు ఇచ్చి, ఆ తర్వాత అమ్మకం గురించి ఆలోచించండి.

ప్యాడ్లు కొత్తవే, అయినా షోరూములోదే బాగుంది

రెండింటినీ ఒకే స్థాయిలో విన్నారా? తక్కువ శబ్దంలో మన చెవికి కింది స్వరాలు మరింత తక్కువగా వినిపిస్తాయి. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో ఫ్లెచర్, మన్సన్ దీన్ని కొలిచి 1933లోనే ప్రచురించారు. కాబట్టి కాస్త బిగ్గరగా మోగేదే ఎప్పుడూ నిండుగా తోస్తుంది, ఒక్క డెసిబెల్ తేడా ఉన్నా చాలు. బాగుందనిపించినదాన్ని కొద్దిగా తగ్గించి మళ్లీ వినండి. అప్పుడు కూడా అదే నచ్చితే నచ్చినట్లు.

"నా ఫోనుకు దీన్ని నడిపే శక్తి లేదు" అనే నిర్ణయానికి కూడా తొందర వద్దు. హెచ్‌డీ 600 ఇంపిడెన్స్, అంటే విద్యుత్తుకు అది చూపే అడ్డు, 300 ఓమ్‌లు అనగానే పెద్ద యాంప్ తప్పదనుకుంటారు. ఆ హెడ్‌ఫోన్ ఒక మిల్లీవాట్‌కు దాదాపు 97 డెసిబెల్‌లు ఇస్తుంది. జాక్ లేని ఫోనుకు హెడ్‌ఫోన్ తగిలించేందుకు యాపిల్ అమ్మే చిన్న యూఎస్‌బీ సీ డాంగిల్ ఒక వోల్టు ఇస్తుంది. ఒక వోల్టుకు 300 ఓమ్‌లలో వచ్చేది 3.3 మిల్లీవాట్లు, అంటే సుమారు 102 డెసిబెల్‌లు. తక్కువ శబ్దంతో రికార్డు చేసిన శాస్త్రీయ కచేరీలకు చాలకపోవచ్చు గానీ, సినిమా పాటలకు ధారాళంగా చాలు. ఒక చిక్కు మాత్రం ఉంది. అదే డాంగిల్ ఐరోపాలో అమ్మే రకం సగం వోల్టే ఇస్తుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో దాని వాల్యూమ్ బాగా తక్కువగా ఉంటుంది. యాంప్ కొనే ముందు ఒక లాప్‌టాప్‌కు పెట్టి చూడండి.

డ్రైవర్ కాలిపోవడం, అయస్కాంతం ఊడిపోవడం, లోపలి టంకం విరగడం ఉంటాయి. అరుదు. కింద పడేసిన గుర్తు ఉంటే తప్ప వాటి జోలికి వెళ్లకండి.

ఇక అమ్మవలసినవి

ప్యాడ్లు మార్చారు, ఒకే స్థాయిలో విన్నారు, అయినా చేయి దానివైపు వెళ్లడం లేదు. అప్పుడు కారణం ధ్వని కాకపోవచ్చు. ఆడీజ్ ఎల్‌సీడీ ఎక్స్ అనే హెడ్‌ఫోన్ బరువు 600 గ్రాములు దాటుతుంది, హెచ్‌డీ 600 కేబుల్ కాకుండా 260 గ్రాములే. మెడ నొప్పికి ప్యాడ్ వైద్యం లేదు. ఫ్యాను, కుక్కర్ కూతలు, టీవీ అన్నీ ఒకే గదిలో ఉన్న ఇంట్లో ఓపెన్ హెడ్‌ఫోన్ ఎంత గొప్పదైనా నిలవదు. మే నెలలో క్లోజ్డ్ తోలు కప్పులు గంటసేపు భరించలేనివారికీ అంతే. ఇవి నిక్కమైన కారణాలు, నిరభ్యంతరంగా అమ్మండి.

విడిభాగాలు దొరకని మోడలైతే ప్యాడ్లు బాగున్న రోజుల్లోనే అమ్మేయడం మంచిది. దొరికేదైతే కొత్త జత వేసి అమ్మండి, లేదా అరిగినవే ఉన్నాయని ముందే చెప్పి ఆ మేరకు ధర తగ్గించండి. పెట్టె, పాత కేబుల్, మార్చిన ప్యాడ్ల రసీదు కూడా ఇస్తే కొనేవారు ఎక్కువ బేరమాడరు. ఊడిన నల్ల రేకులను మాత్రం ఫొటో తీసే ముందు తుడవండి.