ఇంటి నుంచి ఫిర్యాదులు వినే ఇంటర్న్‌లు ముందే చూసుకోవాల్సినవి

తిరుపతిలో ఇంట్లో కూర్చుని, సాయం పంచే సంస్థ తరఫున వరద సాయం ఫిర్యాదులు తీసుకోవడమంటే ఫోనెత్తి షీట్‌లో ఎక్కించడమే కదా అనిపిస్తుంది. కానీ అంతే కాదు. మొదటి కాల్‌కు ముందు ఇవి సరిచూసుకోండి.

సొంత నంబరు వాడొద్దు, సంస్థ సిమ్ అడగండి. మీ ఇంటర్న్‌షిప్ అయిపోయాక కూడా జనం మీకే చేస్తుంటారు, ఆ ఫిర్యాదు ఎక్కడికీ చేరదు.

పేరు, ఫోన్ ఒక షీట్‌లో, ఫిర్యాదు ఇంకో షీట్‌లో ఉండాలి. రెంటికీ లంకె కేసు నంబరే. ఆధార్ ఫొటో పంపుతామంటే వద్దనండి. పేరు తీసేసినా "చెరువు కట్ట కింద ఇల్లు, ఇద్దరు ఆడపిల్లలున్న ఒంటరి తల్లి" అని రాస్తే ఊరంతా గుర్తుపడుతుంది.

అన్నిటికన్నా గడ్డు కాల్ ఒకటుంది: సరుకు కావాలంటే తన కోరిక తీర్చమని పంచేవాడు అన్నాడని ఒకామె చెప్పడం. అప్పుడు మీరు పోలీసులా ఆరా తీయొద్దు. ఆమె మాటల్లోనే రాసుకోండి, మామూలు షీట్‌లో ఎక్కించొద్దు. సంస్థ అందుకు నియమించిన వ్యక్తికి మాత్రమే, 24 గంటల్లోపు చేర్చండి. ఆ వ్యక్తి నంబరు పనిలో చేరిన రోజే తీసుకోవాలి. "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి, నిలబెట్టుకోలేరు.

నగరి, సత్యవేడు, కుప్పం వైపు కాల్స్‌కు తమిళం వచ్చినవాళ్లు పక్కన ఉండాలి. కూలి పనులకు వెళ్లేవాళ్లకు సాయంత్రం ఆరు దాటాకే చేయండి. చాలా ఇళ్లలో ఫోన్ మగవాళ్ల చేతిలోనే ఉంటుంది. ఆడవాళ్ల మాట కోసం ఆశా కార్యకర్తనో, పొదుపు సంఘాన్నో అడగాలి.

"బియ్యం వస్తాయమ్మా" అనొద్దు. జవాబు ఏ తేదీకి చెబుతారో చెప్పి, జవాబు ఇంకా రాకపోయినా ఆ రోజు ఫోన్ చేయండి.