చవక చుట్ట కాల్చడం, దాని మంచిచెడ్డలు తేల్చడం ఎలా?

నాలుగు దమ్ములు గబగబా లాగి, నాలుక మండిందని "నాసిరకం" అంటూ చుట్టను అవతల పారేసేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో ఎక్కువమంది దాన్ని సరిగ్గా ముట్టించనే లేదు. కిళ్లీ కొట్లోనూ సంతలోనూ కట్టల లెక్కన దొరికే లంక పొగాకు చుట్టకి ఇలా అన్యాయం జరుగుతుంటే నాకు బాధగా ఉంటుంది. గోదావరి వరద దిగాక లంకల్లో మిగిలే ఒండ్రులో పెరిగిన ఆకు అది. దాన్ని తోరణాలు గుచ్చి ఆరబెట్టడం, మండె వేసి, అంటే కుప్పగా పేర్చి, మగ్గబెట్టడం, చేత్తో చుట్టడం ఎంత చాకిరీ! చవకైనంత మాత్రాన తీర్పు కూడా చవగ్గా చెప్పేయకూడదు.

ముందుగా ఒక మాట. అలవాటు లేనివాళ్లు ఇది చదివి కొత్తగా మొదలుపెట్టొద్దు. పొగ మింగకపోయినా చుట్ట వల్ల నోటికి, గొంతుకి క్యాన్సర్ వస్తుంది. పొగాకు ఒకసారి పట్టుకుంటే వదలదు. శ్రీకాకుళం, విశాఖ వైపు కొందరు ఆడవాళ్లు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ జోలికి సరదాకి కూడా పోకండి. అంగిలికి క్యాన్సర్ తెచ్చే అలవాటది. 18 ఏళ్ల లోపు పిల్లలకి పొగాకు అమ్మడం నేరం. బహిరంగ ప్రదేశాల్లో కాల్చడం మీద 2008 అక్టోబరు 2 నుంచి నిషేధం అమల్లో ఉంది. కాబట్టి ఈ పనికి మీ పెరడే చోటు, అదీ పిల్లలు దగ్గర్లో లేనప్పుడు.

కావలసినవి: చుట్టలు, అగ్గిపెట్టె, పదునైన బ్లేడు, నుసి రాల్చడానికి మూకుడు, చెంబుడు నీళ్లు. అంతే.

ఎంచుకోవడం

జానెడు పొడవున్న వాటి జోలికి వెళ్లకండి. చిటికెన వేలంత లావు, అరచేతి వెడల్పంత పొడవు ఉన్నవి తీసుకోండి. చుట్టను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా నొక్కుకుంటూ పోండి. ఒకచోట గట్టిగా ముడిలా తగిలితే లోపల ఈనె ముక్క ఉన్నట్టు. అక్కడ పొగ రాదు. మెత్తగా లొట్ట పడితే అక్కడ గబుక్కున కాలిపోతుంది. వాసన చూడండి: ఎండుగడ్డి, బెల్లంపాకం కలిసినట్టుంటే మగ్గిన ఆకు. ముక్కుపుటాలు కుట్టేలా ఉంటే మండెలో చాలినన్ని రోజులు ఉండలేదన్నమాట. సెంటు పూసినవి, తేనె పట్టించినవి అసలు లెక్కలోకి తీసుకోవద్దు. వాటిలో ఆకు రుచి తెలియదు.

వానాకాలంలో కొన్న చుట్ట దాదాపు ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. ఒక ఏడు సంతలో తెచ్చిన కట్టను తొందరపడి ఎండలో పెట్టాను. గంట తిరిగేసరికి పై ఆకు పెటపెటలాడి నిలువునా చీలింది, కట్టంతా పాడైంది. ఇప్పుడు నీడలో పాత పేపరు మీద పరిచి రెండు రోజులు వదిలేస్తున్నాను. నొక్కితే కొద్దిగా అణిగి మళ్లీ పైకి లేవాలి. విరిగినట్టు చప్పుడు రాకూడదు.

కొస కోయడం

తమిళుల చురుట్టు ఇంగ్లీషులోకి వెళ్లి చెరూట్ అయింది. ఆ చురుట్టయినా మన చుట్టయినా సాధారణంగా రెండు కొసలూ తెరిచే ఉంటాయి. మెలి తిప్పి మూసిన కొస ఉంటే బ్లేడుతో ఒక్క వేటున కోయండి. పళ్లతో కొరకొద్దు, ఆకు పీలికలై నోట్లోకి వస్తుంది. వెలిగించకుండానే ఒకసారి గాలి లాగి చూడండి. స్ట్రాతో మజ్జిగ తాగుతున్నంత బిగువు ఉంటే చాలు. అసలు గాలే రాకపోతే వేళ్ల మధ్య రెండుమూడు సార్లు దొర్లించండి.

ముట్టించడం

పనంతా చెడేది ఇక్కడే. చుట్టను నోట్లో పెట్టుకుని, మంటను దాని ముఖానికి ఆనించి, బుగ్గలు లోపలికి పోయేలా లాగుతారు. అలా లాగితే మంట లోపలికి దూరి ఆకు మాడిపోతుంది. ఆ మాడు చేదు చివరి దాకా వదలదు. తర్వాత మీరెంత నెమ్మదిగా కాల్చినా ఆ చుట్ట మంచిచెడ్డలు మీకు తెలియవు, ఎందుకంటే మీరు చూస్తున్నది ఆకు రుచి కాదు, మీ తొందర రుచి.

అగ్గిపుల్ల గీసి, తల భగ్గుమని మండి గంధకం వాసన పోయేదాకా ఆగండి. పుల్ల కర్ర అంటుకుని మంట నిలకడగా అయ్యాకే చుట్ట దగ్గరికి తీసుకురండి. చుట్ట అప్పుడు చేతిలో ఉండాలి, నోట్లో కాదు. దాన్ని ఏటవాలుగా వంచి, మంటకి అర అంగుళం పైన పట్టుకుని, వేళ్లతో నెమ్మదిగా తిప్పుతూ ఉండండి. మంట ఆకుకి తగలకూడదు, సెగ మాత్రం తగలాలి. ముందు అంచు చుట్టూ నల్లటి గీత పడుతుంది, తర్వాత సన్నటి పొగ లేస్తుంది, ఆపైన అక్కడక్కడ ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. ఒక పుల్ల అయిపోతే రెండోది గీయండి. నాకు మామూలుగా మూడు పడతాయి. ఒక్క పుల్లతో ముట్టించానని గొప్ప చెప్పుకునేవాళ్ల చుట్ట ఎప్పుడూ ఒకవైపే కాలుతుంది.

చుట్ట ముఖాన్ని మీ వైపు తిప్పుకుని మెల్లగా ఊదండి. మధ్యలోనూ అంచునా నిప్పు ఒకేలా ఎర్రబడాలి. ఎక్కడైనా నల్లమచ్చ కనిపిస్తే అక్కడ మళ్లీ సెగ చూపించండి. ముఖమంతా ఎర్రబడ్డాకే నోట్లో పెట్టుకుని, మంటను దగ్గరగా ఉంచి, రెండు చిన్న దమ్ములు తీయండి.

పెట్రోలు లైటర్ వాడకండి, మొదటి పది దమ్ములూ పెట్రోలు వాసనే. కొట్టు ముందు వేలాడే పీచుతాడుకి చుట్టను ఆనించి ముట్టించుకోవడం ఇంకా తప్పు. ఆ నిప్పు అంటుకోవాలంటే గట్టిగా లాగాల్సిందే, పైగా కొబ్బరిపీచు పొగ లోపలికి చేరుతుంది. కట్టెల పొయ్యిలోంచి తీసిన నిప్పుకణిక దొరికితే మాత్రం అగ్గిపుల్లకన్నా మేలు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడని సామెత ఉంది కదా, నిప్పుకోసం అంత తొందరపడే పనే లేదు. గాలి తగలని అరుగు చూసుకుని, తీరిక ఉన్నప్పుడే మొదలుపెట్టండి.

ఒకవైపు ముందు కాలిపోతుంటే గట్టిగా లాగి సరిచేయాలని చూడకండి. వెనకబడ్డ వైపును కిందికి తిప్పి పట్టుకుని రెండు నిమిషాలు వదిలేయండి. చాలాసార్లు అదే సర్దుకుంటుంది.

కాల్చడం

నిమిషానికి ఒక దమ్ము. పొగను నోట్లో ఉంచి వదిలేయాలి, ఊపిరితిత్తుల్లోకి పోనివ్వకూడదు. చుట్ట పొగకి క్షార గుణం ఉంటుంది, నికోటిన్ నోటి లోపలి చర్మంలోంచే ఒంట్లోకి చేరిపోతుంది. సిగరెట్‌లో వాడే వర్జీనియా ఆకు పొగ ఆమ్ల గుణంవైపు ఉంటుంది కాబట్టి సిగరెట్ కాల్చేవాళ్లు దాన్ని లోపలికి పీలుస్తారు. ఆ అలవాటుతో చుట్ట కాలిస్తే తల తిరిగి చెమటలు పడతాయి. పరగడుపున అసలొద్దు. అలాంటిదేమైనా అయితే చుట్ట పక్కన పెట్టేసి కూర్చోండి, నీళ్లు తాగి కాస్త బెల్లం నోట్లో వేసుకోండి.

నుసిని పదేపదే దులపొద్దు. అరంగుళం నిలిచాక మూకుడు అంచుకి తాకిస్తే అదే రాలుతుంది.

తేల్చడం

మొదటి మూడోవంతులో ఏ తీర్పూ చెప్పకండి. మధ్యలోకి వచ్చాక ఒక పరీక్ష చేయండి: చుట్టను కదపకుండా నిమిషంన్నర మూకుడు మీద ఉంచి, మళ్లీ మెల్లగా లాగండి. నిప్పు బతికి ఉంటే మంచి ఆకు. ఆరిపోతే చెమ్మో, బిగువో కారణం అయ్యుండొచ్చు. కానీ పొడిగా, వదులుగా ఉన్న చుట్ట కూడా మాటిమాటికీ ఆరిపోతుంటే నేను చేనునే అనుమానిస్తాను. ఉప్పునీరు పారిన పొగాకులో క్లోరైడ్ ఎక్కువై నిప్పు నిలవదు. అది చుట్టినవాళ్ల తప్పు కాదు.

ఘాటు వేరు, మంట వేరు. ఘాటు గొంతు మొదట్లో తెలిసి తగ్గిపోతుంది, లంకాకుకి అది ఉండాలి. మంట నాలుక కొసన మొదలై పోకుండా ఉండిపోతుంది. అది మీ తొందర వల్లయినా వస్తుంది, మగ్గని ఆకు వల్లయినా వస్తుంది. రెండు నిమిషాలు దమ్ము లాగకుండా ఆగి చూడండి. ఆ తర్వాత కూడా మండితే ఆకుదే లోపం. నుసి తెల్లగా ఉంటేనే మేలురకం అనే మాట నమ్మకండి. ఆ రంగు నేలలోని ఖనిజాల్ని బట్టి మారుతుంది.

ఆరిన చుట్టను వెంటనే మళ్లీ ముట్టించవచ్చు, నుసి రాల్చి, లోపలి పాత పొగను ఒకసారి బయటికి ఊదేస్తే చాలు. పొద్దున ఆరినదాన్ని సాయంత్రం ముట్టించి రుచి చెప్పొద్దు.

రెండు వేళ్ల వెడల్పు మిగిలాక ఆపేయండి, అక్కడి నుంచి వచ్చేది వేడే. పీకను గోడకి నలపకుండా మూకుట్లో వదిలి, చల్లారాక నీళ్లు పోయండి. గడ్డివామి ఉన్న పెరడైతే ఇది మరిచిపోవద్దు.

ఒక్క చుట్టతో కట్టంతటికీ తీర్పు చెప్పలేం, చేత్తో చుట్టినవి ఏ రెండూ ఒకలా ఉండవు. వేర్వేరు రోజుల్లో, భోజనమయ్యాక, ఒకే కట్టలోంచి మూడు కాల్చండి. మూడిట్లో రెండు చివరిదాకా నిప్పు నిలిపితే వచ్చే సంతలో అదే మనిషి దగ్గర మళ్లీ కొనండి, ఆకు ఏ లంకదో కూడా అడగండి.