బోర్ చేయించిన ఇంజిన్‌కి ఏ ఆయిల్?

ఎండలకి చిక్కటి ఆయిలే మేలని మా నెల్లూరులో చాలామంది కారు ఇంజిన్ బోర్ చేయించగానే, అంటే అరిగిన సిలిండర్లు తొలిపించి కొత్త భాగాలు వేయించగానే, 20డబ్ల్యూ-50 గ్రేడు ఆయిల్ పోయించేస్తారు. కాస్త ఆగండి. డబ్ల్యూ ముందున్న అంకె చలి కోసం. కావలిలో మంచేమీ పడదు కాబట్టి దాని గురించి టెన్షన్ వద్దు. చూడాల్సింది వెనక అంకె, అంటే 100 డిగ్రీల వేడిలో ఆయిల్ చిక్కదనం. అరిగిన ఇంజిన్‌లో భాగాల మధ్య పెరిగిన సందుల్ని చిక్కటి ఆయిల్ కొంత కప్పిపుచ్చుతుంది. కొత్త బేరింగులు, పిస్టన్ రింగులు పడ్డాక ఆ సందులు మళ్లీ సన్నబడతాయి. అందుకే మాన్యువల్‌లో 30 అని ఉంటే 30, 40 అని ఉంటే 40. మెకానిక్ సందులు కాస్త ఎక్కువే పెట్టానంటే మాత్రం ఆయన మాటే వినండి. ఆ కొలతలు బిల్లు మీద రాయించుకోండి, నేను రాయించుకోక తర్వాత తల పట్టుకున్నాను.

మొదట మినరల్ ఆయిల్ చాలు, సింథటిక్ తర్వాత చూసుకోవచ్చు. రింగులు సర్దుకునేటప్పుడు లోహపు పొడి ఆయిల్‌లోకే దిగుతుంది. 500 నుంచి 1,000 కిలోమీటర్లలోపు ఫిల్టర్‌తో సహా మార్చేయండి. నెల్లూరు నుంచి ఒంగోలు రెండుసార్లు వెళ్లొస్తే 500 దగ్గర పడినట్టే.