పదిమందీ కలిసి తేల్చుకోవడం ఎలా, 3వ భాగం: జతల పట్టిక

పోయిన భాగంలో ఒక్క మనిషి ఇష్టాల గురించి చెప్పుకున్నాం. టీ కన్నా కాఫీ ఇష్టం, కాఫీ కన్నా మజ్జిగ ఇష్టం అన్నవాళ్ళు టీ, మజ్జిగల్లో మజ్జిగే తీసుకోవాలి, లేకపోతే వాళ్ళ మాటలో తర్కం కుదరదు అని. ఇవ్వాళ అదే రూలు ఒక గుంపుకి పెట్టి చూద్దాం. కాగితం పెన్ను పక్కన పెట్టుకోండి, ఇది చదివితే రాదు, చేత్తో వేస్తేనే వస్తుంది.

నిజాంపేటలో 30 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ అనుకోండి. కార్పస్ ఫండ్‌లో ఉన్న డబ్బు ఒక్క పనికే సరిపోతుంది, పనులేమో మూడున్నాయి. ఎండాకాలం ట్యాంకర్లకి డబ్బులు కట్టి కట్టి విసిగిపోయినవాళ్ళు కొత్త బోరు వేద్దాం అంటున్నారు, పై ఫ్లోర్లలో పెద్దవాళ్ళున్న ఇళ్ళవాళ్ళు లిఫ్ట్ మార్చమంటున్నారు, కామన్ కరెంట్ బిల్లు చూసినవాళ్ళు టెర్రస్ మీద సోలార్ పెడదామంటున్నారు. ఆదివారం సెల్లార్‌లో కుర్చీలేసుకుని మీటింగ్ పెట్టారు, ఒక్కో ఫ్లాట్ వాళ్ళనీ మూడు పనులూ ఇష్టం ప్రకారం వరుసగా రాసిమ్మన్నారు. 12 చీటీల్లో సోలార్, లిఫ్ట్, బోరు అని వరుస. 10 చీటీల్లో బోరు, లిఫ్ట్, సోలార్. మిగతా 8 చీటీల్లో లిఫ్ట్, బోరు, సోలార్.

మామూలుగా ఏం చేస్తారంటే పైన రాసింది మాత్రం లెక్కపెడతారు. సోలార్ 12, బోరు 10, లిఫ్ట్ 8, "సోలార్‌కే ఎక్కువొచ్చాయి కదండీ, ఇంక చర్చెందుకు" అని ఎవరో ఒకరు అంటారు, మీటింగ్ అయిపోతుంది. మన లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలు జరిగేదీ ఇలాగే. కానీ చీటీలు మళ్ళీ ఒకసారి చూడండి, 30 మందిలో 18 మంది సోలార్‌ని అన్నిటికన్నా కింద రాశారు! సగానికి పైగా జనం ఏది వద్దన్నారో అదే గెలిచింది.

సరే, రెండో పద్ధతి చూద్దాం. అందరికన్నా తక్కువొచ్చిన లిఫ్ట్‌ని తీసేసి, ఆ 8 చీటీల్లో రెండోది ఏముందో చూస్తే బోరు ఉంది, కాబట్టి బోరుకి 18, సోలార్‌కి 12, బోరు గెలిచింది. రాష్ట్రపతి ఎన్నికలో వాడేది ఈ పద్ధతే. దీనికి మనకి బాగా దగ్గరి ఉదాహరణ 1969 ఎన్నిక, వి.వి.గిరి, నీలం సంజీవరెడ్డి ఇద్దరూ తెలుగువాళ్ళే. మొదటి ప్రాధాన్య ఓట్ల విలువలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, స్వతంత్ర, జనసంఘ్ పార్టీలు నిలబెట్టిన సి.డి.దేశ్‌ముఖ్‌కి 1,12,769 వచ్చాయి. గెలవడానికి, అంటే సగం దాటడానికి, కావాల్సింది 4,18,169, అది ఎవరికీ రాలేదు. వెనకబడ్డవాళ్ళని తీసేస్తూ వాళ్ళ రెండో ప్రాధాన్యాలు పంచాక గిరి 4,20,077, రెడ్డి 4,05,427. మొదట దాదాపు 88 వేలున్న తేడా చివరికి 14,650కి దిగింది, అంటే పంచిన ఓట్లలో ఎక్కువభాగం రెడ్డికే వెళ్ళాయి. రెండో ప్రాధాన్యం అనేది ఏదో పేరుకి నింపే గడి కాదు, ఆ గడే దేశానికి రాష్ట్రపతిని దాదాపు మార్చేసినంత పని చేసింది.

ఇప్పుడు అసలు నేర్చుకోవాల్సింది, జతల పట్టిక. మూడింట్లో రెండు తీసుకోండి, మూడోది ప్రతి చీటీలోనూ వేలుతో మూసేయండి, మిగిలిన రెండిట్లో ఏది పైనుందో అంతే చూడండి. లిఫ్ట్, సోలార్ జత తీస్తే మొదటి గుంపు 12 మంది సోలార్‌కి, మిగతా రెండు గుంపులూ కలిపి 18 మంది లిఫ్ట్‌కి. లిఫ్ట్, బోరు జతలో 12 ప్లస్ 8, 20 మంది లిఫ్ట్‌కి, 10 మంది బోరుకి. బోరు, సోలార్ జతలో 18, 12. ప్రతి జతలోనూ రెండంకెలు కలిపితే 30 రావాలి, రాకపోతే ఎక్కడో తప్పు కూడారన్నమాట, వెనక్కెళ్ళి చూసుకోండి. మూడు పనులకి మూడు జతలు, నాలుగైతే ఆరు, అయిదైతే పది.

లిఫ్ట్ తనున్న రెండు జతల్లోనూ గెలిచింది. ఇలా తనున్న అన్ని జతల్లోనూ గెలిచేదాన్ని కాండోర్సే విజేత అంటారు, 1785లో ఈ లెక్క మీద పుస్తకం వేసిన ఫ్రెంచ్ ఆయన పేరు మీద. ఆయన కన్నా ముందే బోర్డా అనే ఇంకొకాయన మొదటి స్థానానికి 2, రెండో దానికి 1, చివరిదానికి సున్నా ఇచ్చి కూడమన్నాడు, అలా చూసినా లిఫ్ట్ 38, బోరు 28, సోలార్ 24. ఒక్క చీటీ మారలేదు, ఒక్క మనిషి మనసు మారలేదు, లెక్కపెట్టే తీరు మారితే మూడు పనులూ తలోసారి గెలిచాయి. అందుకే చీటీలు విప్పకముందే ఎలా లెక్కపెడతామో మినిట్స్ బుక్‌లో రాసి సంతకాలు పెట్టించుకోమని గట్టిగా చెప్తాను. నా మటుకు నేను కాండోర్సే విజేత ఉంటే దాన్నే తీసుకోమంటాను, ఎందుకంటే దాన్ని వద్దనాలంటే సగానికి మించిన జనం మాట కాదనాలి.

ఉంటే అన్నాను చూశారా, చిక్కు అక్కడే ఉంది. అదే అపార్ట్‌మెంట్‌లో చీటీలు ఇంకోలా వచ్చాయనుకోండి. 11 మంది సోలార్, లిఫ్ట్, బోరు. 10 మంది లిఫ్ట్, బోరు, సోలార్. 9 మంది బోరు, సోలార్, లిఫ్ట్. పట్టిక మీరే వేసి తర్వాత కిందకి రండి.

సోలార్ లిఫ్ట్‌ని 20–10తో ఓడిస్తుంది, లిఫ్ట్ బోరుని 21–9తో, బోరు మళ్ళీ సోలార్‌ని 19–11తో. గుండ్రంగా తిరుగుతోంది. ఏ ఒక్కరి చీటీలోనూ తర్కం తప్పలేదు, మొదట్లో చెప్పిన మజ్జిగ రూలు అందరూ పాటించారు, గుంపు మాత్రం పాటించట్లేదు. "మెజారిటీ కోరిక" అనేది ఇక్కడ లేనే లేదు, లేనిదాన్ని ఎంత వెతికినా దొరకదు.

అప్పుడు ఎవరి చేతిలో అజెండా ఉంటే వాళ్ళదే రాజ్యం. సెక్రటరీ గారు ముందు సోలార్, లిఫ్ట్ మధ్య చేతులెత్తించి, గెలిచినదాన్ని బోరుతో పెడితే బోరు గెలుస్తుంది. ముందు లిఫ్ట్, బోరు పెడితే చివరికి సోలార్. ముందు బోరు, సోలార్ పెడితే లిఫ్ట్. ఏది ఆఖర్న తెస్తే అది గెలుస్తుంది, పైగా ప్రతిసారీ పద్ధతిగా మెజారిటీతోనే గెలిచినట్టుంటుంది, ఎవరూ వేలెత్తి చూపలేరు.

గేమ్ థియరీ, అంటే అవతలివాళ్ళు ఏం చేస్తారో లెక్కేసుకుని మన ఎత్తు వేసే శాస్త్రం, వచ్చేది ఈ పాయింట్ దగ్గరే. బోరుని ఆఖర్న పెట్టారని సోలార్ వాళ్ళు 11 మందికీ ముందే తెలుసనుకోండి. వాళ్ళు చివరి రౌండ్ నుంచి వెనక్కి ఆలోచించాలి: మనం సోలార్‌నే ఎత్తితే మొదటి రౌండ్ గెలుస్తాం, తర్వాత బోరు చేతిలో ఓడిపోతాం, మనకి అన్నిటికన్నా ఇష్టం లేనిది వస్తుంది. అదే మొదటి రౌండ్‌లో లిఫ్ట్‌కి చెయ్యెత్తితే లిఫ్ట్ 21–9తో నెగ్గి, తర్వాత బోరుని కూడా అదే తేడాతో ఓడిస్తుంది, కనీసం రెండో ఇష్టమన్నా దక్కుతుంది. మనసులో ఉన్నదానికి కాకుండా ఇంకోదానికి ఓటెయ్యడం మోసం అని కొందరు అంటారు, నేను ఒప్పుకోను, అజెండా వేసిన మనిషికి ఆలోచించే హక్కుంటే చెయ్యెత్తే మనిషికీ ఉంటుంది.

ఇలా ఇష్టాన్ని దాచి ఓటెయ్యడాన్ని పూర్తిగా ఆపే పద్ధతి కనిపెట్టొచ్చు కదా అని అడుగుతారు. కనిపెట్టలేం అని గిబ్బర్డ్ 1973లో, సాటర్త్‌వైట్ 1975లో విడివిడిగా రుజువు చేశారు: మూడు లేదా అంతకన్నా ఎక్కువ ఆప్షన్లకి గెలిచే అవకాశం ఉండి, నిర్ణయం ఒక్క మనిషి చేతిలో లేకపోతే, ఎక్కడో ఒక సందర్భంలో ఇష్టాన్ని దాచి ఓటేసినవాళ్ళకి లాభం ఉండే తీరుతుంది. 1951లో కెన్నెత్ ఆరో వేసిన సిద్ధాంతం దీనికి ముందు మెట్టు, దానికి ఒక భాగం మొత్తం కావాలి, ఇవ్వాళ వద్దు.

కొన్నిచోట్ల ఈ గుండ్రం అసలు రాదు, అది కూడా తెలుసుకోండి. నెలవారీ మెయింటెనెన్స్ 2,500 పెట్టాలా, 3,000 పెట్టాలా, 3,500 పెట్టాలా అన్నప్పుడు ప్రతివాళ్ళకీ మనసులో ఒక అంకె ఉంటుంది, దానికి ఎటువైపు దూరం జరిగినా ఇష్టం తగ్గుతుంది. అలాంటప్పుడు అందరి అంకెలూ చిన్నదాన్నుంచి పెద్దదాకా వరుసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో పడే మనిషి అంకె ఏ జతలోనూ ఓడిపోదని డంకన్ బ్లాక్ అనే ఆర్థికవేత్త 1948లో చూపించాడు. బోరు, లిఫ్ట్, సోలార్‌లని అలా ఒక గీత మీద పెట్టలేం, అందుకే అక్కడ గొడవ.

ఇంటిపని. తొమ్మిది మంది కజిన్స్ ఒక్క రోజు ట్రిప్ వెయ్యాలి. నలుగురి వరుస యాదగిరిగుట్ట, నాగార్జునసాగర్, శ్రీశైలం. ముగ్గురిది సాగర్, శ్రీశైలం, గుట్ట. ఇద్దరిది శ్రీశైలం, గుట్ట, సాగర్. ముందు జతల పట్టిక వెయ్యండి, మూడు జతలు, ఒక్కోదాని మొత్తం 9. ఆ ఇద్దరిలో ఒకరు మీరే, ఏ జత ముందు పెట్టాలో చెప్పే పని మీకే ఇచ్చారు, శ్రీశైలం వెళ్ళాలంటే ఏ వరుస పెడతారు? రాశాక అటువైపు కూర్చుని చూడండి, మీ వరుస తెలిసిన ఏ గుంపు, మొదటి రౌండ్‌లో దేనికి చెయ్యెత్తి మీ ప్లాన్ పాడుచెయ్యగలదు? వచ్చే భాగంలో ముందు దీని జవాబు, తర్వాత వాట్సాప్ పోల్‌లో ఒక్కొక్కళ్ళు ఒకటికన్నా ఎక్కువ ఆప్షన్లు టిక్ చెయ్యనిస్తే ఈ లెక్కలు ఎలా మారతాయో.