పాత కాలేజీ ఫుట్‌బాల్ సీజన్‌ను పత్రికల నుంచి లెక్క తేల్చడం ఎలా: 1901 మిషిగన్ జట్టు

ఫుట్‌బాల్ అంటే ఇక్కడ మనూళ్ళో కాలితో తన్నే ఆట కాదు, అమెరికావాళ్ళది. అక్కడుండి శనివారాలు టీవీలో ఈ ఆట చూసే మనవాళ్ళు నూరేళ్ళ కిందటి స్కోరు చూడగానే ఈనాటి పాయింట్లతో విడగొట్టబోతారు. లెక్క అక్కడే తప్పుతుంది. ముందు సంవత్సరం చూడాలి, తర్వాత ఆ ఏటి రూలు, ఆ తర్వాతే స్కోరు. ఇక్కడ ఉదాహరణకు మిషిగన్ విశ్వవిద్యాలయం జట్టు 1901 సీజన్ తీసుకుందాం.

నోటుబుక్కులో ఆరు గడులు గీయండి: తేదీ, ప్రత్యర్థి, ఆడిన ఊరు, స్కోరు, ఒక్కో సగం ఎన్ని నిమిషాలు, పాయింట్లు ఎలా వచ్చాయి. చివరి గడి పెన్సిల్‌తోనే నింపండి, ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. పైన ఆ ఏటి పాయింట్ల విలువ రాసుకోండి. 1901లో టచ్‌డౌన్‌కు (బంతిని ఎదుటివాళ్ళ గోల్ గీత దాటించడం) 5, దాని తర్వాత స్తంభాల మధ్యకు తన్నే గోల్‌కు 1, ఫీల్డ్ గోల్‌కు (ఆట నడుస్తుండగా బంతిని ఆ స్తంభాల మధ్యకు తన్నడం) 5, సేఫ్టీకి (బంతి ఉన్న జట్టును దాని సొంత గోల్ గీత వెనకే ఆపేయడం) 2. ఫీల్డ్ గోల్ 1904లో 4కు, 1909లో 3కు దిగింది. టచ్‌డౌన్ 1912లో 6 అయింది.

ఇప్పుడు ఒక స్కోరు విడదీద్దాం. 1902 జనవరి 1న కాలిఫోర్నియాలోని పాసడీనాలో మిషిగన్ 49–0తో స్టాన్‌ఫర్డ్‌ను ఓడించింది. కొత్త సంవత్సరానికి ఆడే పేరున్న కాలేజీ ఆట రోజ్ బౌల్, మొదటిది అదే. తొమ్మిది టచ్‌డౌన్లు, నాలుగు గోల్స్ అనుకుంటే 45 + 4, సరిగ్గా 49. లెక్క కుదిరింది కదా అని పెన్నుతో రాసేస్తే తప్పు రాసినట్టే. ఆ రోజు జరిగింది ఎనిమిది టచ్‌డౌన్లు, నాలుగు గోల్స్, ఒక ఫీల్డ్ గోల్: 40 + 4 + 5. ఆ ఏడాది టచ్‌డౌన్‌కూ ఫీల్డ్ గోల్‌కూ విలువ ఒకటే కాబట్టి స్కోరు ఒక్కటే చూసి రెంటినీ విడదీయలేం. అదే ఆట 1912 రూలుతో లెక్కిస్తే 55 అవుతుంది.

అదే సీజన్‌లో మిషిగన్ బఫెలో మీద కొట్టిన 128 ఇంకా చిక్కు. ఫీల్డ్ గోల్స్ లేవనుకున్నా 22 టచ్‌డౌన్లు, 18 గోల్స్ కుదురుతాయి. 23, 13 కూడా కుదురుతాయి. 24, 8 కూడా. కుదరడం వేరు, జరగడం వేరు. ఆట రిపోర్టులో ఎవరు ఎన్ని చేశారో చివర్లో ఇస్తారు, అది దొరికాకే ఆ గడిలో పెన్ను పెట్టండి.

టచ్‌డౌన్ తర్వాత గోల్ అన్నిసార్లు ఎందుకు తప్పేదని అనుమానం రావచ్చు. ఇప్పుడైతే బంతిని గోల్ ఎదురుగా పెట్టి తన్నుతారు. అప్పట్లో బంతి గీత దాటి నేలకు తాకిన చోటు నుంచి తిన్నగా వెనక్కి తెచ్చి అక్కడి నుంచి తన్నాలి. మైదానం మూలలో టచ్‌డౌన్ చేస్తే గోల్‌కు దాదాపు పక్క నుంచి తన్నినట్టే. అందుకే రిపోర్టులో ‘గోల్ తప్పింది’ అని ఉంటే ఆ టచ్‌డౌన్ ఎక్కడ చేశారో కూడా చూడండి, చాలాసార్లు కారణం అక్కడే కనిపిస్తుంది.

తేదీల దగ్గర జాగ్రత్త. శనివారం ఆట ఆదివారం పత్రికలో వస్తుంది, ఆదివారం సంచిక లేని ఊళ్ళో సోమవారం. పత్రిక తేదీనే ఆట తేదీగా ఎక్కించిన పట్టికలు కనిపిస్తాయి. ప్రతి తేదీకీ వారం సరిచూడండి. ఈ సీజన్‌లో శనివారం కానివి రెండే: అమెరికావాళ్ళ థాంక్స్‌గివింగ్ పండుగ గురువారం, నవంబర్ 28న షికాగోలో అయోవాతో ఆడింది, జనవరి 1 బుధవారంది. ఈ రెండోది 1902లో జరిగినా 1901 సీజన్ కిందే రాయాలి.

ఇక కూడిక. ఆల్బియన్ 50, కేస్ 57, ఇండియానా 33, నార్త్‌వెస్టర్న్ 29, బఫెలో 128, కార్లైల్ 22, ఒహాయో స్టేట్ 21, షికాగో 22, బెలాయిట్ 89, అయోవా 50, స్టాన్‌ఫర్డ్ 49. మొత్తం 550, ఎదుటివాళ్ళందరికీ కలిపి సున్నా. మీకు 501 వస్తే కంగారు పడకండి, జనవరి ఆట వదిలేశారు.

కోచ్ ఫీల్డింగ్ యోస్ట్ జట్లకు ‘నిమిషానికో పాయింట్’ అని పేరొచ్చింది. దాన్ని అలాగే నమ్మేయకుండా నిమిషాల గడి కూడా కూడి చూడండి. రూలు ప్రకారం సగానికి 35 నిమిషాలు. కానీ బలహీనమైన జట్టు వస్తే ముందే మాట్లాడుకుని తగ్గించుకునేవారు. 1906 నుంచి సగానికి 30, 1910 నుంచి పావుకు 15 చొప్పున నాలుగు పావులు.

రిపోర్టులో ‘55 గజాల గీత’ అని కనబడితే అచ్చుతప్పనుకుని దిద్దకండి. 1912 దాకా మైదానం పొడవు 110 గజాలు, నడిమి గీత 55. అప్పట్లో మూడు ప్రయత్నాల్లో ఐదు గజాలు వెళితే చాలు, బంతి తమ దగ్గరే ఉంటుంది; ముందుకు పాస్ విసరడం 1906 దాకా నిషేధం. కాబట్టి రెండు గజాలు, మూడు గజాలు అంటూ అవే పేర్లు పేరాల కొద్దీ వస్తాయి. విసుగొచ్చి దాటేయకండి, టచ్‌డౌన్ ఎవరిదో ఆ పేరాల చివరే ఉంటుంది.

చేయి తిరిగాక అదే జట్టు 1905 సీజన్ పట్టండి. ఫీల్డ్ గోల్ అప్పటికి 4 అయింది కాబట్టి ఐదుకు ఐదు గొడవ ఉండదు. 13 ఆటల్లో 12 గెలిచి, 495 పాయింట్లు చేసి, ఇచ్చింది 2. ఆ రెండూ చివరి ఆటలో షికాగోకు పోయి 2–0తో ఓడారు. రిపోర్టు తెరవకుండానే పెన్నుతో రాయగలిగిన స్కోరు ఇదొక్కటే: అది సేఫ్టీ.